యవనుల చంద్రుడు, మన నెల

ఖరగ్‌పూర్ పట్టణమందలి ప్రేమ్ బజార్‌లో కృష్ణాష్టమినాడు ఒక తెలుగువానిని, ఒక హిందీవానిని, ఒక వంగీయుని నిలిపి ‘ఇది యే నెల?’ అని యడిగినచో మూడు విధముల సమాధానములు వచ్చును. తెలుగువాడు శ్రావణ బహుళమనును. హిందీవాడు అదే తిథిని భాద్రపద కృష్ణమనును; అతని నెల పున్నమతో ముగియును గనుక బహుళపక్షము రాబోవు నెల పేరు ధరించును. వంగీయుడు తిథితో నిమిత్తము లేకుండ, సూర్యుడు రాశి మారిన దినము మొదలు లెక్కించి తన తేదీ చెప్పును. మువ్వురును నిజమే చెప్పినవారు.

ప్రేమ్ బజార్ హిజ్లీ దిక్కున, 1951లో నెలకొన్న ఐ.ఐ.టి. ప్రాంగణమునకు ఆనుకొనియున్న పేట. ఖరగ్‌పూర్‌నకు తెలుగువారు వచ్చినది అంతకు చాల ముందు, బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ పనులతో. పందొమ్మిదవ శతాబ్ది ముగియుచుండగా ఇక్కడ రైలు కూడలి ఏర్పడినది. వెనువెంట కార్ఖానా వచ్చినది. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము సీమల నుండి కుటుంబములు తరలి వచ్చి నిలిచిపోయినవి. 2020 డిసెంబరులో పశ్చిమ బంగాళ మంత్రివర్గము తెలుగునకు అధికార భాషా ప్రతిపత్తి నీయ నిర్ణయించినప్పుడు ఎక్కువగా తలపునకు వచ్చినది ఈ ఊరి తెలుగువారే. ఇంతకాలము వారు ఇతర భాషల నడుమ ఉండియు ఉగాదిని వైశాఖ సంక్రమణమునకు మార్చుకొనలేదు. చైత్ర శుద్ధ పాడ్యమినాడే పచ్చడి కలుపుకొందురు. వారి సంవత్సరమునకు గడియారము చంద్రుడే.

ఈ మువ్వురి నడుమకు ప్రాచీన ఆథెన్సు నగరపు పౌరుడొకడు వచ్చెననుకొందము. అతడు ఎవరి ప్రక్క నిలుచును? సందేహము లేదు, తెలుగువాని ప్రక్కనే. అతని నెలయు అమావాస్య దాటిన పిమ్మట, పడమటి దిక్కున సన్నని రేఖ కనబడిన సంధ్యతో మొదలగును. ఆ దినమునకు అతడు పెట్టిన పేరు ‘నూమేనియా’, అనగా క్రొత్తనెల. మన ‘నెలపొడుపు’ అక్షరాల అదే. నెల తుదినాటికి వారిచ్చిన పేరు మరింత సొగసైనది: ‘హేనే కై నేఆ’, ‘పాతయు క్రొత్తయు’. ఒకే దినమున పాతచంద్రుడు పోవుట, క్రొత్తచంద్రుడు పుట్టుట జరుగునని దానికి అర్థము. ఆ పేరు పెట్టినవాడు శాసనకర్తయైన సోలోన్ అని గ్రీకులు చెప్పుకొనిరి. వారును మనవలెనే పన్నెండు చాంద్రమాసములతో సౌరవత్సరము నిండదని యెఱిగి, కొన్ని యేండ్లకొక నెలను రెండుమార్లు లెక్కించిరి, మన అధికమాసమదియే. క్రీ.పూ. 432లో మెటోన్ అను జ్యోతిష్కుడు పందొమ్మిది సంవత్సరములకు 235 నెలలు సరిపోవునని ప్రకటించెను. పందొమ్మిది పన్నెండ్లు 228. మిగిలిన ఏడు అధికములు. మన పంచాంగములలోను పందొమ్మిదేండ్లకు ఏడు అధికమాసములు పడుట లెక్కవేసి చూచినవారికి తెలియును.

ఇంత పోలిక కనబడగానే మనవారిలో కొందరు ‘అంతయు మన నుండియే పోయినది’ అందురు. మరికొందరు ‘అంతయు వారి నుండియే వచ్చినది’ అందురు. రెండును తొందరపాటు మాటలు. చంద్రుని గూర్చిన గ్రీకు మాటలను ఒక్కొక్కటిగా పరిశీలించినచో ఏది చుట్టరికము, ఏది అప్పు, ఏది కేవలము ఒకే ఆకాశమును చూచుటవలన కలిగిన సామ్యము అన్నది విడదీయవచ్చును.

గ్రీకులో చంద్రునకు రెండు ముఖ్యమైన పేర్లున్నవి. మొదటిది ‘మేనే’. దీనికి తోబుట్టువు ‘మేన్’, అనగా నెల. లాటిను భాషలోని ‘మెన్సిస్’, ఇంగ్లీషులోని ‘మూన్’, ‘మంత్’, సంస్కృతములోని ‘మాస్’, ‘మాస’ శబ్దములు అన్నియు ఒక్క కుదురునుండి వచ్చినవే. కొలుచుట అను అర్థముగల ధాతువు వీనికి మూలమని భాషావేత్తలలో పెక్కుమంది అభిప్రాయము. చంద్రుడు కాలమును కొలుచు కుంచము. రెండవ పేరు ‘సెలేనే’. ఇది వెలుగు అను అర్థముగల ‘సెలాస్’ నుండి పుట్టినది. ఒక పేరు కొలతను చెప్పినది, మరియొకటి కాంతిని చెప్పినది. గ్రీకులు రెండు మాటలలో విడివిడిగా ఉంచుకొన్న యీ రెండు భావములను వైదిక ఋషులు ఒక్క మాటలో ముడివేసిరి: ‘చంద్ర’ అనగా ప్రకాశించునది, ‘మాస్’ అనగా కొలుచునది, రెండును కలిసి ‘చంద్రమస్’. ఇది అప్పు కాదు, చుట్టరికము. ఒక తాత యింటి సొమ్మును ఇద్దరు మనుమలు పంచుకొన్నట్టిది.

మరి మన ‘నెల’? దానికి ఈ కుటుంబముతో సంబంధము లేదు. అది ద్రావిడపు మాట. తమిళమున ‘నిలా’, ‘నిలవు’ అనగా చంద్రుడు. తెలుగున నెల చంద్రుడును అగును, ముప్పది దినములును అగును. నెలవంక, నెలతాల్పు, వెన్నెల అన్నచోట చంద్రుడు. నెలజీతము, నెలసరి అన్నచోట కాలము. తమిళములోని ‘తింగళ్’, కన్నడములోని ‘తింగళు’ శబ్దములకును ఇట్లే రెండర్థములు. గ్రీకునకు, తెలుగునకు రక్తసంబంధము లేకున్నను రెండు భాషలును చంద్రుని, నెలను ఒక్క మాటతోనే కట్టినవి. స్త్రీల ఋతుధర్మమునకు గ్రీకులు ‘కతామేనియా’, నెలనెల వచ్చునది, అనిరి. మన పల్లెపడుచు గ్రీకు చదువకయే నెలసరి యన్నది, నెల తప్పినది యన్నది. నేడు వైద్యుల నోట వినబడు ‘మెనోపాజ్’ అను మాటలో దాగియున్నది ఆ ‘మేన్’ శబ్దమే. ఇది చుట్టరికము కాదు, అప్పును కాదు. తలయెత్తి చూచిన ప్రతి జాతికిని తోచిన సంగతి.

ఆకాశమునందలి ఘటనలకు వారు పెట్టిన పేర్లను మన పేర్లతో ప్రక్కప్రక్కన ఉంచి చూచుట మంచి వేడుక. సూర్యచంద్రులు ఒకచోట చేరుటను గ్రీకులు ‘సూనొదొస్’ అనిరి, దారిలో కలిసికొనుట అని అర్థము. సంస్కృతము ‘అమావాస్య’ అన్నది, కలిసి వసించుట అని అర్థము. వారికది దారిలో కలయిక, మనకు ఒక యింటి కాపురము. గ్రహణమును వారు ‘ఎక్లెయిప్సిస్’ అనిరి, విడిచిపోవుట, కానరాకుండ పోవుట. మనము గ్రహణమంటిమి, పట్టుకొనుట. వారి చంద్రుడు తానే మనలను విడిచిపోయినాడు, మన చంద్రుని ఎవడో పట్టినాడు. సంగతి ఒక్కటే, దిగులు మాత్రము వేరు.

కథల విషయమునకు వత్తము. హేసియడ్ కవి ‘థియోగొనీ’ అను కావ్యమున సెలేనేను హిపీరియన్, థేయా అను దంపతుల కూతురుగా, సూర్యుడైన హేలియొస్‌నకును ఉషస్సైన ఎయొస్‌నకును తోబుట్టువుగా చెప్పినాడు. గ్రీకులకు చంద్రుడు ఆడుది. ఆమె రథమునకు సాధారణముగ రెండు గుఱ్ఱములు. ఆథెన్సులోని పార్థెనాన్ ఆలయపు తూర్పు ముఖమున చెక్కిన ఆ రథాశ్వములలో ఒకదాని తల నేడు లండనులోని బ్రిటిషు మ్యూజియములో ఉన్నది. రాత్రియంతయు పరుగెత్తి అలసి, పడమట మునిగిపోవుచున్న గుఱ్ఱపు నోరు, పొంగిన నాసికలు ఆ ఱాతిలో కనబడును. మన విష్ణుపురాణమున చంద్రుని రథమునకు మూడు చక్రములు, మల్లెపూవన్నె గుఱ్ఱములు పది. సంఖ్యలో మనదే పైచేయి, కాని ఆ యొక్క గుఱ్ఱపు అలసటను చూచిన తరువాత సంఖ్యలను గూర్చి మాట్లాడ బుద్ధిపుట్టదు.

సెలేనే కథలలో ప్రసిద్ధమైనది ఎండీమియోన్ వృత్తాంతము. చిన్న ఆసియాలోని లత్మోస్ కొండ గుహలో ఎన్నటికిని మేల్కొనని నిద్రలో, ముదిమి లేక పడియున్న సుందరుడతడు. ప్రతి రాత్రియు సెలేనే దిగివచ్చి అతనిని చూచిపోవును. ఇది కవులకు ప్రియమైన భాగము. ఎలిస్ సీమవారు చెప్పుకొన్న మరియొక పాఠమును పౌసనియస్ అను యాత్రికుడు క్రీ.శ. రెండవ శతాబ్దిలో వ్రాసియుంచినాడు: ఎండీమియోన్ అచ్చటి రాజు, సెలేనే అతనికి ఏబదిమంది కూతుండ్రను కన్నది. ఏబది యేల? ఒలింపియా క్రీడలు జరుగునది ఆ ఎలిస్ సీమలోనే. క్రీడకును క్రీడకును నడుమ నాలుగేండ్లు. ఆ నాలుగేండ్లలో ఒకసారి 49, మరొకసారి 50 చాంద్రమాసములు గడచును. ఆ కూతుండ్రు ఒలింపియా చక్రములోని నెలలేయని ఆధునిక పండితులు కొందరు చెప్పుదురు. ఈ వివరణము నాకు నచ్చినది, ఎందుకనగా మన కథయు ఆ దారినే నడచినది. దక్షుడు తన యిరువదియేడుగురు కుమార్తెలను చంద్రునకిచ్చినాడు. చంద్రుడు రోహిణి నొక్కతెనే వలచినాడు. మామ శపింపగా క్షయరోగము పట్టి సగము నెల క్షీణించి, వరము వలన సగము నెల పెరుగుచున్నాడు. ఆ యిరువదియేడుగురు నక్షత్రములు. చంద్రుడు ఒక నక్షత్రమును విడిచి తిరిగి దానినే చేరుటకు పట్టు కాలము 27 దినముల 7 గంటల 43 నిమిషములు. రాత్రికొక భార్య యింట విడిది చేసినట్లు లెక్క. గ్రీకుల కథలో కూతుండ్రు, మన కథలో భార్యలు. లోపలి వస్తువు మాత్రము రెండింటను గణితమే. లెక్కను మరువకుండుటకు మనుష్యులు కనిపెట్టిన సాధనములలో కథను మించినది లేదు.

ఆర్తెమిస్, హెకాతే అను దేవతలు చంద్రునితో చేరినది తరువాతి కాలమున. వేటకత్తెయైన ఆర్తెమిస్ హేసియడ్ నాటికి చంద్రదేవత కాదు. ఆమె కవల తోబుట్టువైన అపొల్లో సూర్యునితో ఏకమైనప్పుడు ఆమెకు చంద్రత్వము సంక్రమించినది. హెకాతే సంగతి మనకు మరింత సుపరిచితముగా తోచును. చంద్రుడు లేని రాత్రి దారుల కూడలిలో ఆమెకు తిండి పెట్టి వెనుదిరిగి పోవుట ఆథెన్సువారి ఆచారము. అమావాస్యనాడు దిష్టితీసి నాలుగుదారుల నడుమ పడవేసి వెనుక చూడక వచ్చు మన యిల్లాండ్రకు దీనిని వివరింప పనిలేదు.

చంద్రునితో పాటు పెరిగి తరుగు ఱాయి యొకటి కలదని ప్రాచీనులు నమ్మిరి. గ్రీకులు దానిని ‘సెలేనితేస్’, చంద్రశిల, అనిరి. రోము నగరపు ప్లినీ దానిని వర్ణించుచు, అందులో చంద్రబింబము దినదినమును వృద్ధిక్షయములు పొందునని చెప్పి, ‘నిజమైనచో’ అను మాట చేర్చినాడు. భీమవరము గునుపూడిలోని సోమారామమున చంద్రప్రతిష్ఠితమని చెప్పబడు లింగము పున్నమకు తెల్లనై అమావాస్యకు నల్లబడునని మనవారు చెప్పుదురు. ప్లినీ ఆ మాట విన్నయెడల అదే పదమును మరల వాడియుండును.

సెలేనే పేరు శాస్త్రములలోనికి వచ్చుట పందొమ్మిదవ శతాబ్దిలో జరిగినది. 1817లో స్వీడను దేశపు రసాయనవేత్త బెర్జీలియస్ ఒక క్రొత్త మూలకమును కనుగొనెను. అది టెల్లూరియమును పోలియుండెను. టెల్లూరియము భూమి పేర వెలసినది గనుక దీనికి చంద్రుని పేర సెలీనియము అని నామకరణము చేసెను. వెలుగు సోకినప్పుడు విద్యుత్తును సులువుగా ప్రసరింపజేయు గుణము దానికి కలదని తరువాత తెలిసినది. ఇరువదవ శతాబ్దిలో జిరాక్సు యంత్రములకు చాలకాలము సెలీనియపు పూతగల డోలు వాడినారు. కాగితములకు నకళ్లు తీయించుకొన్న విద్యార్థులకు తమ పాఠములను ముద్రించినది యవనుల చంద్రిక యని తెలియదు. ప్రయోగశాలలో గాజు గొట్టమందలి నీటి ఉపరితలము వంపు తిరిగియుండుటను ‘మెనిస్కస్’ అందురు. ఆ మాట ‘మేనిస్కొస్’, చిన్నచంద్రుడు. తెలుగున చెప్పవలసివచ్చినచో నెలవంక యన్న చాలును. అంతకన్న దగ్గరి మాట నాకు తోచదు.

తెలుగులోనికి మరియొక దారిని వచ్చిన చంద్రుడొకడు కలడు. మూర్ఛరోగము చంద్రుని వలన కలుగునని గ్రీకుల తలంపు; ఆ రోగికి ‘సెలేనే పట్టినది’ అని అర్థమిచ్చు క్రియాపదమును వారు వాడిరి. మత్తయి సువార్త గ్రీకు మూలమున ఆ క్రియ రెండు చోట్ల వచ్చును. తెలుగు బైబిలు అనువాదకులు దానిని వైద్యపుమాటగా మార్చక, ‘చాంద్రరోగి’ అని ఒక క్రొత్త సమాసము కల్పించిరి. మాట సంస్కృతము, అనువాదము తెలుగు, లోపలి ఊహ యవనులది. కఠినమైన మాటలో మూలమునందలి భావమును ఇంత భద్రముగ దాచిన అనువాదకులను మెచ్చుకొనవలయును.

ఇక మిగిలినది అసలైన అప్పు. ఇది జ్యోతిషమున వచ్చినది. ‘హోర’ గ్రీకు మాట. ‘కేంద్రము’ గ్రీకులో ‘కెంత్రొన్’, ఎద్దును పొడుచు ములుకోల. తరువాత వృత్తము గీయుటకు గ్రుచ్చు ముల్లు. నేడు కేంద్ర ప్రభుత్వము. వారముల వరుసయు హోరల లెక్క వలన వచ్చినదే. శని, గురు, కుజ, రవి, శుక్ర, బుధ, చంద్రులను వరుసగా హోరకొకరి చొప్పున పంచినచో, రవితో మొదలైన దినమున ఇరువదినాలుగు హోరలు నిండి, ఇరువదియైదవది చంద్రునకు వచ్చును. కనుకనే ఆదివారము తరువాత సోమవారము.

ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహజ్జాతకమున గ్రహముల పర్యాయపదములను చెప్పుచు గ్రీకు పేర్లను దాపరికము లేక చేర్చినాడు. సూర్యునకు హేలి, అది హేలియొస్. కుజునకు ఆర, అది ఆరేస్. శనికి కోణ, అది క్రోనొస్. శుక్రునకు ఆస్ఫుజిత్తు, అది అఫ్రొదితే. బుధునకు హేమ్న, అది హెర్మేస్. చంద్రునకు మాత్రము చంద్రమస్సు, శీతరశ్మి. సెలేనే అచ్చట లేదు, మేనేయు లేదు. వేదకాలమునుండి కొలతయు వెలుగును తానేయై యున్న చంద్రమస్సు ఇంటిలోనుండగా మరియొక పేరునకు చోటు దొరకలేదని నేననుకొందును.

కాని సెలేనే రాకపోయినను ఆమె పరివారము వచ్చినది. అదే గ్రంథము పదుమూడవ అధ్యాయము చంద్రయోగములది. చంద్రునకు రెండవ యింట రవి గాక వేరొక గ్రహమున్నచో సునఫా యోగము. పండ్రెండవ యింట ఉన్నచో అనఫా. రెండు వైపులను ఉన్నచో దురుధరా. రెండును శూన్యమైనచో కేమద్రుమము. ఈ నాలుగును సంస్కృత ధాతువులకు లొంగవు. సునఫా గ్రీకు ‘సూనఫే’, తాకుట, కలియుట. అనఫా ‘అనఫే’. దురుధరా ‘దోరుఫోరియా’, ఈటె పట్టి అంగరక్షకులు వెంట నడచుట. రాజునకు ముందు వెనుకల భటులున్నట్లు చంద్రునకు ఇరుప్రక్కల గ్రహములున్న స్థితికి ఎంత తగిన పేరు! కేమద్రుమము ‘కెనొద్రొమియా’, వట్టిపరుగు. చంద్రుడు ఏ గ్రహమును కలియక ఒంటరిగా పరుగెత్తుట. యవనుల నిర్వచనమునకు, మన నిర్వచనమునకు కొంత భేదమున్నను ఊహ ఒక్కటే. మన నోటికి వచ్చిన తరువాత ఆ పరుగు కాస్త ‘ద్రుమము’, చెట్టుగా మారినది.

పేరు వినసొంపుగా మారినను ఫలము భయంకరముగా మారినది. రాజవంశమున పుట్టినవాడైనను కేమద్రుమము వలన దరిద్రుడగునని ఫలగ్రంథములు చెప్పును. ఈ యొక్క మాట పేర కుదిరిన సంబంధములు తప్పిపోవుట, అందు ముఖ్యముగా ఆడపిల్ల జాతకము తిరిగివచ్చుట తెలుగు దేశమునను, దేశాంతరములనున్న తెలుగు ఇండ్లలోను వినని వారుండరు. ఇంటికి దూరముగ బ్రతుకువారికి పంచాంగము పుట్టింటి జ్ఞాపకము వంటిది. దానిలోని ప్రతి యక్షరమును ఋషివాక్యమని నమ్ముట సహజము. పంచాంగమును పారవేయవలెనని నేననను. తిథిని, నెలను, పండుగను నిలిపియుంచినది అదే. కాని తన బిడ్డ బ్రతుకును తూచుచున్న మాట ఎక్కడిదో తండ్రికి తెలియవలదా? అది వేదమునుండి వచ్చిన శాపము కాదు. ఓడదారిని వచ్చిన యొక పరిభాష. చంద్రుని ప్రక్క యిండ్లు ఖాళీగా ఉన్నవని చెప్పునది, అంతే.

ఆ పరిభాషను మనకు అందించిన వరాహమిహిరుడే అదే తావున దానికి మినహాయింపును చెప్పినాడు: కేంద్రస్థానములలో గ్రహములున్నను, చంద్రునితో గ్రహము కూడియున్నను కేమద్రుమము లేదని. కేంద్రస్థానములు నాలుగు గనుక ఈ మినహాయింపునకు లోబడు జాతకములే హెచ్చు. జాతకము తిప్పి పంపుటకు ముందు ఆ శ్లోకము పూర్తిగా చదివినవారు ఎందరో తెలియదు. వ్యాధికి పెట్టిన పేరు గ్రీకు. మందునకు పెట్టిన పేరు కేంద్రము, అదియు గ్రీకే.